బెల్లం చాలన్న నోరు

జెర్సీ శాంపిల్ వచ్చిన రోజే దాన్ని విజయ్ కుమార్ గారి మొహాన కొట్టి ఉండాల్సింది. కొట్టలేదు. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఆకుపచ్చ బనీను. ఛాతీ మీద తెల్లటి పెద్ద అక్షరాలతో ‘టీబీ లేని పల్నాడు కోసం, మాచర్ల నుంచి ఢిల్లీకి’ అని ఉంది. వెనక్కి తిప్పితే వీపు నిండా క్వారీ యజమాని మల్లికార్జున గారి నవ్వు మొహం, దాని కింద ‘సౌజన్యం’ అన్న మాట. ఇరవై రెండు రోజులు, పద్దెనిమిది వందల కిలోమీటర్లు, మా నాన్న ఊపిరితిత్తుల్లో రాతిపొడి నింపిన మనిషిని నేను వీపున వేసుకుని తొక్కాలన్న మాట.

నా పేరు దుర్గ. మాచర్లకు పది కిలోమీటర్ల దూరంలో ఉంది మా ఊరు. మా ఊళ్ళోనూ చుట్టుపక్కల మూడు ఊళ్ళలోనూ ఉత్తరాలు పంచేది నేనే. అందరూ పోస్టమ్మాయి అంటారు. సంచీ హ్యాండిల్‌కి తగిలించుకుని రోజుకు పాతిక కిలోమీటర్లు సైకిలు తొక్కుతాను. మాఘమాసం దాటితే కల్లాల్లో ఎండబోసిన మిర్చి ఘాటుకు తుమ్ముకుంటూ తొక్కుతాను. నా నోరు మంచిది కాదని నాలుగు ఊళ్ళలోనూ చెప్పుకుంటారు. చెప్పుకోనీ, నేనేమీ కాదనను.

మా నాన్న నాగులు. మల్లికార్జున గారి నాపరాయి క్వారీలో ఇరవై రెండేళ్ళు రాయి కోశాడు. నలభై తొమ్మిదేళ్ళ మనిషి ఇప్పుడు మంచం మీద నుంచి వాకిట్లోకి రావడానికి రెండుసార్లు ఆగుతాడు. వెల్లకిలా పడుకోలేడు, ముక్కాలి పీట మీద దిండు పెట్టుకుని దాని మీదికి వాలి కూర్చునే నిద్రపోతాడు. దగ్గు మొదలైన కొత్తలో అందరూ టీబీ అన్నారు. మూడుసార్లు ఆర్నెల్ల చొప్పున టీబీ మందులు మింగాడు. కళ్ళు పచ్చబడ్డాయి గాని దగ్గు తగ్గలేదు. కిందటేడు గుంటూరులో ఛాతీ డాక్టరొకాయన ఫిల్మును వెలుతురుకు పట్టి చూసి, ఇది టీబీ కాదు, ఎప్పుడూ టీబీ కాదు, రాతి దుమ్ము లోపల పేరుకుపోయి ఊపిరితిత్తులు గట్టిపడ్డాయని చెప్పాడు. నయం చేసే మందు లేదు, ఆక్సిజన్ మిషను ఇంట్లో పెట్టుకుంటే బతికినన్నాళ్ళు సుఖంగా ఊపిరి తీసుకుంటాడన్నాడు. ఎక్కడ పనిచేశాడో రుజువుంటే నష్టపరిహారం అడగొచ్చని కూడా అన్నాడు. రుజువు ఎక్కడుంది? పనికి పిలిచేది మేస్త్రీ, కూలీ చేతిలో పెట్టేది మేస్త్రీ. క్వారీ పేరున్న కాగితం ముక్క ఒక్కటి కూడా మా ఇంట్లో లేదు.

మా కాలనీలో ఇలాంటివాళ్ళు ఇరవై ముగ్గురు. అందులో పదకొండు మంది పోయారు. పోయినవాళ్ళందరూ టీబీతో పోయారనే ఊరంతా అనుకుంటోంది. క్వారీవాళ్ళు కూడా అదే చెబుతారు, ఎందుకంటే టీబీ ఎవరికైనా రావచ్చు, ఎవరి తప్పూ కాదు. నాకు మండింది అక్కడే.

అందుకే ఢిల్లీ దాకా సైకిలు తొక్కాలన్న ఆలోచన పుట్టింది. దారిలో ఆగిన ప్రతి ఊళ్ళోనూ ఈ జబ్బుకు అసలు పేరేమిటో చెప్పాలి, వచ్చిన విరాళాలతో కాలనీకి మిషన్లు కొనాలి. ఇంట్లో చెబితే అమ్మ తల కొట్టుకుంది. నాన్న మాత్రం నవ్వబోయి దగ్గి, దగ్గు ఆగాక, ‘‘తొక్కు. నా కూతురు తొక్కగలదు,’’ అన్నాడు. ఆ మాటతో నేను యాత్ర రోజులకు సెలవు పెట్టేశాను.

ఒక్కదాన్నే ప్లాను వేసుకుని ఉంటే బాగుండేది. మాచర్ల సైకిల్ క్లబ్బుకు వెళ్ళి చెప్పడం నేను చేసిన మొదటి తప్పు. విజయ్ కుమార్ గారు ఆ క్లబ్బుకు ప్రెసిడెంటు. ఫర్నిచర్ షోరూము ఉంది. పొట్ట తగ్గించుకోవడానికి సైకిలెక్కిన మనిషి, పొట్ట తగ్గలేదు గాని ప్రెసిడెంటయ్యాడు. చెడ్డవాడు కాదు. ఎవరినీ నొప్పించలేడు, అదే ఆయనతో వచ్చిన చిక్కు. నేను చెప్పింది విని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. సామాన్లకు వ్యాను, బసకు కల్యాణ మండపాలు, పోలీసు పర్మిషన్లు అన్నీ తాను చూసుకుంటానని మాటిచ్చాడు. తొమ్మిది మంది రైడర్లం తేలాం. మెకానిక్‌గా షాకిర్ అన్న, డిగ్రీ చదివే అతని చెల్లెలు ఇరమ్, నేను, మిగిలిన ఆరుగురు క్లబ్బువాళ్ళు.

ఆదివారం పొద్దున షోరూము డాబా మీద ఇడ్లీలు తింటూ మీటింగులు. దారి గీశాం: విజయపురి సౌత్, సాగర్ డ్యామ్ దాటి హైదరాబాద్, ఆదిలాబాద్, నాగపూర్, ఝాన్సీ, ఆగ్రా, ఢిల్లీ. రోజుకు ఎనభై కిలోమీటర్లు పైచిలుకు. ఆ చార్టు నేనే రాశాను, చక్కగా వచ్చింది. కానీ చార్టు మీద మాట్లాడింది పావుగంట. ఫ్లెక్సీ మీద మాట్లాడింది గంటన్నర. ఎవరి ఫొటో ఏ సైజులో ఉండాలి, ఏ సెంటర్లో కట్టాలి, డ్రోను ఎక్కణ్ణించి ఎగరెయ్యాలి, ఇవన్నీ తేలాక షాకిర్ అన్న ట్యూబుల సంగతి ఎత్తాడు. మీ సన్న చక్రాలకు సరిపోయే ట్యూబులు హైదరాబాద్ దాటితే దారిలో దొరకవు, మనిషికి మూడు చొప్పున మోసుకెళ్ళాలని చెప్పాడు. ఎవరూ వినలేదు. అప్పటికి ఇడ్లీలైపోయి అందరూ చేతులు కడుక్కుంటున్నారు.

నాలుగో ఆదివారం జెర్సీ వచ్చింది. దాంతోపాటు ఒక్కో రైడరుకు కిట్టు సంచీ, అందులో టోపీ, నీళ్ళ సీసా, ఒక బెల్లం ప్యాకెట్టు. బెల్లం చూసేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎందుకో చెబుతాను.

నాపరాయి క్వారీల్లో ఒక ఆనవాయితీ ఉండేది. సాయంత్రం పని దిగేటప్పుడు ఒక్కొక్కడికి గుప్పెడు బెల్లం ఇచ్చేవాళ్ళు. బెల్లం తింటే గొంతులో దుమ్ము కడుపులోకి దిగిపోతుందని నమ్మకం. యజమానులూ నమ్మారు, కూలీలూ నమ్మారు. పని లేనివాళ్ళు కూడా వరసలో నిలబడుతున్నారని మల్లికార్జున గారు రేకు బిళ్ళలు చేయించి పంచాడు. బిళ్ళ చూపిస్తేనే బెల్లం. మా నాన్న సగం తిని సగం నాకు తెచ్చేవాడు. క్వారీ మానేశాక కూడా మా అమ్మ వెంకమ్మ రోజూ అన్నం తర్వాత ఆయన చేతిలో బెల్లం ముక్క పెట్టేది. బెల్లం పోయే దారి వేరమ్మా, గాలి పోయే దారి వేరని గుంటూరు డాక్టరు చెప్పాడు. ఆ రోజు మా అమ్మ ఇంటికొచ్చి బెల్లం డబ్బాను పెరట్లో బోర్లించింది.

జెర్సీ చేత్తో పట్టుకుని, ఇదేంది సార్ అని విజయ్ కుమార్ గారిని అడిగాను. ఆయన నన్ను పక్కకు తీసుకెళ్ళి, గొంతు తగ్గించి, మల్లికార్జున గారు వ్యాను ఇస్తున్నారని, డీజిలు ఇస్తున్నారని, పది ఆక్సిజన్ మిషన్లు కూడా కొన్నారని, అందులో మొదటిది గురువారం మా ఇంటికే వస్తోందని చెప్పాడు.

‘‘ఒక్క మాటేగా అమ్మా. రాతి దుమ్ము అనబాక, టీబీ అను. మిషను మీద ఏ జబ్బని రాసి ఉండదుగా,’’ అన్నాడు.

నా నోట్లో నుంచి మాట రాలేదు. కావాలంటే నాలుగు ఊళ్ళవాళ్ళను అడగండి, నా నోట్లో నుంచి మాట రాకపోవడం అదే మొదటిసారి. కిట్టు సంచీ సైకిలుకు తగిలించుకుని ఇంటికొచ్చేశాను.

దారంతా పళ్ళు కొరుక్కుంటూ తొక్కాను. ఇంటికొచ్చి సంచీని గోడకేసి కొట్టి, మిషనూ వద్దు, వ్యానూ వద్దు, గురువారం వాళ్ళెవరైనా గడప తొక్కితే ఊరుకోనని అరిచాను. అమ్మ నాకంటే గట్టిగా అరిచింది.

‘‘ఏమే, నీ రోషం కోసం మీ నాన్న ఊపిరి ఆపుతావంటే? ఆయన పడుకుని నిద్రపోయి ఎన్నాళ్ళయిందో నీకు తెలవదా?’’

తెలియక కాదు. అందుకే అంత మండుతోంది. ఒక చేత్తో ఊపిరి ఇస్తూ రెండో చేత్తో నోరు మూసేవాణ్ణి ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. మిషను తీసుకుంటే మా నాన్నది టీబీ అని నేనే ఢిల్లీ దాకా చాటాలి. కాదంటే మా నాన్న పీట మీద వాలి కూర్చుని ఒక్కో ఊపిరీ లాక్కుంటుంటే పక్కన నిలబడి చూడాలి.

నాన్న చెయ్యెత్తి మా ఇద్దరినీ ఆపాడు. ఆయనకు మాట్లాడాలంటే టైము పడుతుంది. నాలుగు మాటలు, ఒక ఊపిరి. ఆ సాయంత్రం ఆయన చెప్పింది అంతకుముందు మాకెప్పుడూ చెప్పలేదు.

పద్నాలుగేళ్ళ కింద లేబర్ ఆఫీసరొకాయన క్వారీకి వచ్చాడట. పొడి రాయి కొయ్యకూడదు, కోత చక్రం మీద నీళ్ళ ధార పడుతుండాలి, అప్పుడు దుమ్ము లేవదని చెప్పి పోయాడట. మల్లికార్జున గారు కూలీలందరినీ రేకుల షెడ్డు ముందు కూర్చోబెట్టాడు. నీళ్ళు పెట్టిస్తాను, కాని ట్యాంకరు వచ్చిందాకా మిషన్లు ఆపాలి, తడి రాయి కోత నిదానం, పలకలు తగ్గుతాయి, పలకకింత చొప్పున మీకొచ్చే కూలీ తగ్గుతుంది, మీ ఇష్టం అన్నాడు. నీళ్ళు వద్దంటే బెల్లం రెట్టింపు చేస్తానన్నాడు. అందరూ మా నాన్న వైపు చూశారు. కోతలో అందరికంటే పాతవాడు ఆయనే.

‘‘నేనే లేచి చెప్పా. మాకు బెల్లం చాలయ్యా అని,’’ అన్నాడు నాన్న. ‘‘ఇరవై ముగ్గురికీ నేనే చెప్పా.’’

ఆ రోజు మా నాన్న మీద కూడా నాకు కోపం వచ్చింది. ఈ మాట చెప్పడానికి నేను సిగ్గుపడను. పోయిన పదకొండు మంది ఇళ్ళకూ ఉత్తరాలిచ్చేది నేను. ఆ ఆడవాళ్ళ మొహాలు నాకు తెలుసు. కోపంలో అనకూడని మాట అన్నాను, నీ ఒక్క మాటకు వాళ్ళంతా పోయారా అని. ఆయన పీట మీదికి వాలిపోయి దిండులో మొహం పెట్టుకున్నాడు. అమ్మ నన్ను చెంప మీద కొట్టింది. ఇరవై ఏడేళ్ళదాన్ని, కొట్టించుకున్నాను, ఎందుకంటే దెబ్బకు తగిన పనే చేశాను.

మర్నాడు పని అయ్యాక మాచర్లలో షాకిర్ అన్న షాపుకు వెళ్ళాను. ఏం చెయ్యాలో తెలియనప్పుడు నేను వెనక చక్రం సరిచేయించుకుంటాను, అది నా అలవాటు. షాపు అతని తండ్రి అలీ సాహెబ్ గారిది. డెబ్భై దాటిన మనిషి, చూపు మందగించింది, బల్ల దగ్గర కూర్చుని పంచర్ల గిన్నెలో నీళ్ళు మారుస్తుంటాడు. నేను ఇంటి తాళంచెవులు బల్ల మీద పడేసి జరిగిందంతా ఏకరువు పెట్టాను. తాళంచెవుల గుత్తికి మా నాన్న బెల్లం బిళ్ళ కట్టి ఉంది. ఆయన క్వారీ మానేసినప్పటి నుంచీ అది అక్కడే ఉంది, నేనెప్పుడూ దాన్ని పట్టించుకోలేదు.

అలీ సాహెబ్ గారు బిళ్ళ తీసుకుని బొటనవేలితో తడిమాడు. ఒకవైపు ‘మ’ అన్న అక్షరం, రెండోవైపు 41.

‘‘ఇది నేను కోసిందే,’’ అన్నాడు. ‘‘పాత సైకిళ్ళ మడ్‌గార్డు రేకు. అంచు మడత చూడు. క్వారీకి రెండొందలు కోసిచ్చా.’’

అక్షరం కొట్టిన అచ్చు ఇంకా ఆయన డబ్బాలోనే ఉంది. తీసి బల్ల మీద పెట్టాడు. ఎవరు చేయించారో నలుగురిలో చెప్తావా బాబాయ్ అని అడిగాను. పని చేశాను, కూలీ తీసుకున్నాను, చెప్పడానికేంది అన్నాడు. షాకిర్ అన్న చక్రం తిప్పడం ఆపేసి మా ఇద్దరి వైపూ చూశాడు. క్వారీలో పనిచేసినట్టు రుజువు ఊరంతా తాళంచెవులకు వేలాడుతుంటే ఇన్నాళ్ళూ కాగితాల కోసం వెతుక్కున్నామన్న మాట.

తర్వాతి రెండు రోజులూ ఉత్తరాలతోపాటు అదే పని. పోస్టమ్మాయిని, ఏ ఇంటి గొళ్ళెం ఎలా తియ్యాలో నాకు తెలుసు. హనుమాయమ్మ పిన్ని బిళ్ళను గేదె మెడలో గంటకు కట్టింది. ఇంకొకళ్ళు మనవడి మొలతాడుకు కట్టారు. ఒకామె పోయిన భర్త ఫొటో ఫ్రేములో దాచుకుంది. అద్దం తీసి, బిళ్ళ నా చేతిలో పెట్టి, మళ్ళీ తెచ్చియ్యాలే అమ్మాయ్ అంది. నాలుగిళ్ళలో దొరకలేదు. మా నాన్నది కాక పద్దెనిమిది దొరికాయి. బుధవారం సాయంత్రం వాటిని ఇత్తడి పళ్ళెంలో పోసి నాన్న ముందు పెట్టాను. క్షమించమని అడగడం నాకు చేతకాదు. ఆయన ఒక్కో బిళ్ళా ఎత్తి, నంబరు చూసి, పేరు చెప్పాడు. పద్దెనిమిదింటికీ పేర్లు చెప్పాడు. పోయినవాళ్ళ బిళ్ళలు పక్కన విడిగా పెట్టాడు. ఆ తర్వాత, రేపు వాళ్ళను రానియ్యి, నువ్వు మాత్రం నోరు తెరవబాకు అన్నాడు. నేను చెప్పాల్సింది నేనే చెబుతానన్నాడు.

గురువారం పది గంటలకు రెండు కార్లూ ఒక ఆటో వచ్చాయి. ఆటోలో మిషను, కార్లలో మల్లికార్జున గారు, విజయ్ కుమార్ గారు, వీడియో తీసే అతను, క్లబ్బువాళ్ళు నలుగురు. షాకిర్ అన్న అలీ సాహెబ్ గారిని స్కూటరు మీద ముందే తీసుకొచ్చి మా పంచలో కూర్చోబెట్టాడు. కాలనీ అంతా మా వాకిట్లోనే ఉంది. అమ్మ వాకిలి ఊడ్చి ప్లగ్గు దగ్గర బల్ల వేసింది. చెప్పినట్టే నేను నోరు మూసుకుని గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను. అంత కష్టమైన పని జన్మలో ఎప్పుడూ చెయ్యలేదు.

మల్లికార్జున గారు పెద్దమనిషి తరహాగా ఉంటాడు. తెల్ల చొక్కా, చేతికి ఎర్ర దారం. మంచం మీద మా నాన్న పక్కనే కూర్చుని, నాగులు మా ఇంటి మనిషి అని కెమెరాతో చెప్పాడు. టీబీ ఎంతమందిని పొట్టన పెట్టుకుంటోందో చెప్పాడు. సైకిలు యాత్ర గురించి, యువత గురించి చెప్పాడు. నా చేతికి జెర్సీ ఇచ్చి పట్టుకోమన్నారు. పట్టుకున్నాను. మా అమ్మ నా వైపు గుడ్లురిమి చూస్తూనే ఉంది.

ముందు మిషను వేయించండయ్యా, ఊపిరి అందితే నేనూ రెండు మాటలు చెబుతానని నాన్న అడిగాడు. అందరికీ నచ్చింది. పైపు ముక్కుకు తగిలించారు, మిషను బుర్రుమని మొదలైంది. పది నిమిషాలు అందరూ ఆగారు. మా నాన్న భుజాలు కిందికి దిగాయి. పెదవుల మీద నీలం కాస్త తగ్గింది. రెండేళ్ళలో ఆయన వీపు నిటారుగా పెట్టి కూర్చోవడం నేను చూడలేదు. ఆ పది నిమిషాల్లో నా కోపం అంతా ఏమైపోయిందో తెలియలేదు, మిషను ఉండిపోతే చాలు, టీబీ అయినా పరవాలేదు అనిపించింది. ఉన్నమాట చెబుతున్నాను, అనిపించింది.

నాన్న తాళంచెవుల గుత్తి తీసి మల్లికార్జున గారి అరచేతిలో పెట్టాడు. ఆయన బిళ్ళ చూసి నిజంగానే పొంగిపోయాడు. కెమెరా వైపు ఎత్తి చూపించాడు.

‘‘మన బెల్లం బిళ్ళ. నలభై ఒకటి. ఇంకా దాచుకున్నావా నాగులూ? నేనే చేయించా ఇవి, మన క్వారీలో పనోళ్ళందరికీ.’’

‘‘అందరికీనా అయ్యా?’’ అన్నాడు నాన్న.

అందరికీ, బిళ్ళ లేనివాడు నా పనివాడే కాదన్నాడు ఆయన.

నాన్న నాకు సైగ చేశాడు. పళ్ళెం తెచ్చి మంచం మీద పెట్టాను. పద్దెనిమిది బిళ్ళలు. మల్లికార్జున గారి నవ్వు మొహం మీద అలాగే ఉంది గాని కళ్ళు మాత్రం ఆగిపోయాయి. మా నాన్న ఒక్కో బిళ్ళ ఎత్తి పేరు చెబుతూ పోయాడు. పోయినవాళ్ళ పేరు వచ్చినప్పుడల్లా వాకిట్లో ఎవరో ఒక ఆడమనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మధ్యలో ఒక్కసారి కూడా దగ్గలేదు. ఆయన గొంతు అంత దూరం వినిపించడం నేను మర్చిపోయి చానా ఏళ్ళయింది.

‘‘వీళ్ళెవరికీ టీబీ లేదయ్యా,’’ అన్నాడు. ‘‘రాతి దుమ్ము. నీళ్ళు పెట్టమని ఆఫీసరు చెప్పి పోయాడు. బెల్లం చాలన్నది నేను. ఆ తప్పు నాది, పోయేదాకా మోస్తా. నీళ్ళు పెట్టకపోవటం మాత్రం మీది. అది మీరు మొయ్యండి.’’

కెమెరా ఆపమని మల్లికార్జున గారు అన్నాడు. వీడియో అతను ఆపాడు గాని అప్పటికే కాలనీ పిల్లల ఫోన్లు అరడజను పైకి లేచి ఉన్నాయి. పనివాడి మంచం మీద కూర్చోబెట్టి ఇలా చేస్తారా అంటూ ఆయన లేచాడు, మిషను ఎత్తమని ఆటోవాడికి చెప్పాడు. ఆటోవాడు ఒక అడుగు వేసి ఆగిపోయాడు.

మా అమ్మ ప్లగ్గుకు అడ్డంగా నిలబడి ఉంది. ఇరవై రెండేళ్ళు ఆయన పేరెత్తకుండా అయ్యగారు అన్న మనిషి. కిట్టు సంచీలోంచి బెల్లం ప్యాకెట్టు తీసి ఆయన చేతిలో పెట్టింది.

‘‘ఇది నువ్వు తిను,’’ అంది. ‘‘దుమ్ము దిగిపోయిద్ది. మిషను మాత్రం ఈడే ఉండిద్ది. ఇది నీ దానం కాదు.’’

ఆయన వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు గుత్తి మంచం మీదికి విసిరేశాడు. ఆయన వెనకే విజయ్ కుమార్ గారు తల దించుకుని నడిచాడు. నాకు ఎదురుపడ్డప్పుడు ఏదో చెప్పబోయాడు. నేను జెర్సీ మడిచి ఆయన చేతిలో పెట్టాను. మొహాన కొట్టలేదు, చెప్పానుగా.

సాయంత్రానికి క్లబ్బు వాట్సాప్ గ్రూపులో మెసేజీలు. వ్యాను లేదు, అనివార్య కారణాల వల్ల క్లబ్బు తప్పుకుంటోంది, యాత్రకు శుభాకాంక్షలు అని. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. తొమ్మిది మంది ముగ్గురమయ్యాం: నేను, షాకిర్ అన్న, ఇరమ్. మిగతా తొమ్మిది మిషన్లు ఏ గోడౌన్లో ఉన్నాయో తెలియదు. దొరికిన బిళ్ళల నంబర్లు, పేర్లు, అలీ సాహెబ్ గారి వేలిముద్రతో ఆయన మాట, ఫోన్లలో వీడియో అన్నీ కలిపి నష్టపరిహారం కోసం లేబర్ ఆఫీసుకు నేనే అర్జీ రాశాను, నేనే రిజిస్టరు పోస్టు చేశాను. నా సొంత ఉత్తరం ఒకటి నా సంచీలోంచి వెళ్ళడం అదే మొదటిసారి. వాళ్ళు ఏం చేస్తారో చూడాలి, చెయ్యకపోతే ఢిల్లీ నుంచి తిరిగొచ్చాక మళ్ళీ వెళ్తాను.

ఆదివారం మీటింగు ఈసారి మా నాన్న మంచం దగ్గర. ఇడ్లీల్లేవు, టీ మాత్రం ఉంది. వ్యాను లేదు కాబట్టి సామాన్లన్నీ మేమే మొయ్యాలి. షాకిర్ అన్న నా సైకిలు వెనక ఇనప చువ్వలతో స్టాండు వెల్డింగ్ చేయించాడు, ట్యూబులు మనిషికి మూడు చొప్పున చుట్టి కట్టాడు. ముగ్గురం నల్ల సైకిళ్ళ మీదే వెళ్తున్నాం, ఆ సైజు చక్రానికి ట్యూబు ఏ ఊళ్ళో అయినా దొరుకుతుంది. ఇరమ్ మూడు తెల్ల బనీన్లు కొని నల్ల రంగుతో తెలుగులో, హిందీలో చేత్తో రాసింది: ‘ఇది టీబీ కాదు. రాతి దుమ్ము.’ ఒక్క అక్షరం కాస్త వంకరగా వచ్చింది. ఆ వంకర బనీను నాకిమ్మని తీసుకున్నాను.

నాన్న నా చార్టు అడిగి తీసుకున్నాడు. మిషను బుర్రుమంటోంది. ఆయనకు చదువు కొంచెమే వచ్చు, వేలు పెట్టి ఒక్కో ఊరి పేరూ కూడబలుక్కుంటూ కిందికి వెళ్ళాడు. కిలోమీటర్లు, బస, పంచరు షాపులు, ఆసుపత్రులు అన్నీ గళ్ళు కొట్టి రాసి ఉన్నాయి. చివరిదాకా చూసి మళ్ళీ పైకొచ్చాడు.

‘‘నీళ్ళ చోట్లు రాయలేదేందే?’’ అన్నాడు.

దారిలో కొనుక్కుంటాంలే నాన్నా, సీసాలు ఎక్కడైనా దొరుకుతాయన్నాను. ఆయన కాగితం నాకు ఇవ్వలేదు. వేలు మొదటి గడి మీదే పెట్టుకుని నా వైపు చూశాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నేను చూడనట్టు పెన్ను వెతుక్కున్నాను.

‘‘నీళ్ళు ముందు రాసుకో అమ్మాయ్,’’ అన్నాడు. ‘‘తతిమ్మావన్నీ తర్వాత.’’

కాగితం తీసుకుని కొత్తగా ఒక గడి గీశాను. మొదటి వరసలో విజయపురి సౌత్ పక్కన, బస్టాండు కుళాయి, మంచినీళ్ళు అని రాశాను.